ఆ చిన్న ఫైలు బయటే ఉండాల్సింది

కాదు, ఆ మాట మాత్రం నా దగ్గర అనొద్దు. “సాఫ్ట్‌వేర్‌తో వచ్చే లైసెన్స్ ఫైలు ఎవడు చదువుతాడండీ” అంట. మా కాలేజీ గ్రూపులో నిన్న మళ్లీ ఒకడు పెట్టాడు, కింద అందరూ నవ్వే బొమ్మలు. నేను పెద్ద మెసేజ్ టైప్ చేశాను, చెరిపేశాను, మళ్లీ టైప్ చేశాను. గ్రూపులో పట్టే విషయం కాదని ఇక్కడ రాస్తున్నా. అదే ఫోన్, అదే బొటనవేలు.

చదివినాయన ఉన్నాడు. మా ఊరి శివార్లో మందిర్ హసౌద్ దాటాక ఒక ఇనుము ఫ్యాక్టరీ గేటు పక్కన, రేకుల గదిలో, ఫ్యాన్ గాలి కన్నా లారీల దుమ్మే ఎక్కువ తగిలే చోట కూర్చుని, పక్కన డిక్షనరీ పెట్టుకుని చదివాడు. చదివి ఊరుకోలేదు, అందులో రాసిన హక్కుని వాడుకున్నాడు కూడా. ఆ హక్కుని ఆయన చేతిలోంచి లాగేసింది నేను. తెలిసి కాదు. కానీ తెలీకపోవడం కూడా నా తప్పే, ఎందుకంటే ఆ లైసెన్స్ కాయితం నా కంప్యూటర్‌లోనే ఉంది, నేను తెరవలేదు.

ఇలాంటి ఉద్యోగ జ్ఞాపకాలు రిటైరైనవాళ్లు కదా రాసేది, నువ్వేంటి అంటారు. నాకు ముప్పై నాలుగు. పదకొండేళ్లు ఒకే చోట పని చేశాను. ఆ చోటు ఇప్పుడు లేదు, ఆ పని ఇంకెక్కడా దొరకదు. దాన్ని రిటైర్మెంట్ అనకపోతే ఇంకేమంటారో మీరే పేరు పెట్టుకోండి. ప్రమోషన్ల గురించి రాయను. ఐదుగురున్న ఆఫీసులో ప్రమోషనేంటి, కిటికీ పక్క కుర్చీ దొరికితే అదే ప్రమోషన్.

మేడ మీద గది

పండరీ బట్టల మార్కెట్‌లో హోల్‌సేల్ కొట్టు పైన మా ఆఫీసు. మెట్ల మీద ఎప్పుడూ బట్టల మూటలుండేవి, వాటి మీంచి దూకుతూ ఎక్కాలి. గదంతా కొత్త బట్ట గంజి వాసన. మేం చేసేది ధరమ్‌కాంటాలకి సాఫ్ట్‌వేర్. ధరమ్‌కాంటా అంటే లారీని మొత్తం ఎక్కించి తూచే తూకం, ఆంధ్రాలో వేబ్రిడ్జి అంటారు. లారీ ఎక్కుతుంది, కింద ఉన్న సెన్సర్లు బరువు పసిగడతాయి, గదిలో ఎర్రంకెల డబ్బా ఒకటి ఆ బరువు చూపిస్తుంది, ఆ డబ్బా నుంచి కేబుల్ కంప్యూటర్‌కొస్తుంది. అక్కడి నుంచి మా పని. అంకె తెర మీద రావాలి, కాంటా గదిలో కూర్చునే గుమస్తా, ఇక్కడి మాటలో కాంటా బాబు, బటన్ నొక్కితే సేవ్ అవ్వాలి, ప్రింటర్ కిర్రుమని పర్చీ, అంటే బరువు చీటీ, బయటికి తియ్యాలి.

మా యజమాని ప్రసాద్ సార్. ఉక్కు ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంట్ సెక్షన్‌లో చేసి బయటికొచ్చినాయన, కృష్ణా జిల్లా మాట, ఇస్త్రీ చొక్కా. చేరిన మొదటి రోజు నన్ను స్కూటర్ మీద ఒక కాంటా దగ్గరికి తీసుకెళ్లి, “ఎక్కమ్మాయ్” అన్నారు. ఆయనా ఎక్కారు. డబ్బా మీద నూట ముప్పై అని వచ్చింది.

“ఇందులో నీదెంతో నాదెంతో దీనికి తెలుసా?”

“తెలీదు సార్.”

“నేను ఓనర్ని, నువ్వు ఇవాళ చేరినదానివి. అది తెలుసా?”

“తెలీదు.”

“అందుకే జనం దీన్ని నమ్ముతారు. మనం రాసే ప్రోగ్రామ్ కూడా ఇలాగే ఉండాలి. దానికి ఎవరి మొహమూ తెలీకూడదు.”

పదకొండేళ్లలో నాకు ఎవరైనా పని నేర్పారంటే అది ఆయనే. తర్వాత మేమిద్దరం అరుచుకున్న అరుపులకి కింద కొట్టువాళ్లు పైకొచ్చి చూశారు. రెండూ నిజమే. ఒకటి చెప్పి ఒకటి దాచను.

నాన్న చెప్పిన కప్లింగ్

నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. అమ్మానాన్నలది బొబ్బిలి వైపు, నేను పుట్టింది మాత్రం హిందీ మాట్లాడే ఈ ఊళ్లోని రైల్వే క్వార్టర్‌లోనే. మా ఇంట్లో తెలుగు సగం, హిందీ సగం, నాకు కోపమొస్తే మొత్తం హిందీ.

ఒకరోజు భోజనం దగ్గర నాన్న అడిగాడు, “రోజంతా ఏటి చేస్తావే అక్కడ? టైపింగా?”

అన్నీ మనమే రాయం నాన్నా, అన్నాను. కేబుల్ నుంచి అంకెలు చదివే పని ఎక్కడో ఎవరో ఎప్పుడో చక్కగా రాసి లోకానికి వదిలేశాడు. దాన్ని లైబ్రరీ అంటారు. మన ప్రోగ్రామ్ ఒక ఫైలు, ఆ లైబ్రరీ పక్కనే ఇంకో చిన్న ఫైలు. మనది మొదలవగానే దాన్ని పిలుచుకుంటుంది. ఆ విడి ఫైలునే డీఎల్ఎల్ అంటారు. లేదంటే రెండూ కలిపి ఒకే ఫైలుగా పోత పోసేయొచ్చు కూడా.

నాన్న ముద్ద నోట్లో పెట్టుకుని ఆలోచించాడు. “మత్‌లబ్, ఒకటి కప్లింగ్, ఒకటి వెల్డింగ్.”

అంతే. నాలుగేళ్లు కాలేజీలో చెప్పలేనిది నాన్న ఒక్క ముద్దలో చెప్పేశాడు. కప్లింగ్ అయితే చెడ్డ బోగీ విప్పి మంచిది తగిలించొచ్చు. వెల్డింగ్ చేసేస్తే మొత్తం బండి షెడ్డుకెళ్లాలి.

మేం వాడిన లైబ్రరీ లైసెన్స్ పేరు ఎల్‌జీపీఎల్. అది చెప్పేది నా భాషలో ఇది. నీ ప్రోగ్రామ్ నీదే, దాచుకో, అమ్ముకో, అడగను. కానీ నన్ను వాడుతున్నావని చెప్పు. నా కాయితం పక్కన పెట్టు. నా సోర్సు, అంటే నన్ను రాసిన అసలు కోడు, అడిగినవాడికి దొరికేలా చూడు. నీ దగ్గర కొన్నవాడు కావాలంటే నన్ను విప్పి, బాగుచేసుకుని, మళ్లీ తగిలించుకోగలగాలి. విడి ఫైలుగా ఉంచితే ఈ చివరి మాట చాలావరకు దానంతటదే తీరిపోతుంది. వెల్డింగ్ చేశావనుకో, అప్పుడు వాడు మళ్లీ కలుపుకోడానికి పనికొచ్చే నీ ముక్కలు, ఆబ్జెక్ట్ ఫైళ్లంటారు, అవి వాడికివ్వాలి.

ఇది నాకు చేరిన మొదటి ఏడాదే తెలిసుండాలి. తెలిసింది పదకొండో ఏడాది.

దీపక్ తెచ్చిన గ్రాఫు

మధ్యలో ఒకసారి చెంప దెబ్బ తగిలింది, అయినా బుద్ధి రాలేదు. నా పక్క సీటు దీపక్ సాహూ, ఇక్కడివాడే, మెత్తని మనిషి. రోజుకి ఎన్ని లారీలు తూగాయో రంగుల గ్రాఫు వెయ్యాలని ఒక లైబ్రరీ పట్టుకొచ్చాడు. ఎంత బాగుందంటే సార్ కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుని చూశారు. నాగ్‌పూర్ నుంచి వచ్చిన ఒక కస్టమర్ దగ్గర పనిచేసే ఇంజినీరు చూసి, “దీని లైసెన్స్ జీపీఎల్ కదా, మరి మీ సోర్సు ఇస్తారా?” అన్నాడు.

దీపక్ అన్నాడు, “అరే యార్, విడి ఫైలుగానే ఉంచాను కదా, ఏం కాదు.”

అవుతుంది. జీపీఎల్ ఎల్‌జీపీఎల్ లాంటిది కాదు. విడిగా తగిలించినా సరే, రెండూ కలిసి ఒక బండిగా నడుస్తుంటే మొత్తం బండి ఆ లైసెన్స్ కిందికే రావాలని, మన సోర్సు కూడా ఇవ్వాలని దాన్ని రాసినవాళ్లు అంటారు. కాదని వాదించే వకీళ్లూ ఉన్నారు. మా ఐదుగురిలో వకీలెవడూ లేడు. మూడు వారాలు కూర్చుని ఆ గ్రాఫు పీకేసి, వేరేది పెట్టాం. “పేరు తీసేయకుండా ఉంచితే చాలు” అనే మెత్తని లైసెన్సుది దొరికింది, రంగులు అంత బాలేవు.

ఆ మూడు వారాల్లో నేను నేర్చుకోవాల్సింది ఏంటి? వాడే ప్రతి లైబ్రరీ కాయితం తెరిచి చూడాలని. నేను నేర్చుకున్నది ఏంటి? దీపక్‌ని వెక్కిరించడం. ఏడాది పాటు వాణ్ని “వకీల్ సాబ్” అని పిలిచాను. పాపం వాడు నవ్వేవాడు.

ఒకే ఫైలు

ఇప్పుడు నా తప్పు.

కాంటా గదుల్లో మా ప్రోగ్రామ్ ఒక ఫోల్డర్‌లో ఉండేది. పెద్ద ఫైలు మాది, చిన్న ఫైలు లైబ్రరీ, పక్కన లైసెన్స్ కాయితం. ఎవడో ఒకడు కంప్యూటర్ మార్చినప్పుడు మా బొమ్మ ఉన్న ఫైలొక్కటే పెన్‌డ్రైవ్‌లో ఎత్తుకెళ్లేవాడు. కొత్త దాంట్లో “ఫైలు దొరకలేదు” అని వచ్చేది. నాకు ఫోను. మే నెల ఎండలో స్కూటర్ మీద ముప్పై కిలోమీటర్లు వెళ్లి, ఒక్క చిన్న ఫైలు కాపీ చేసి, వాడు ఇచ్చిన టీ తాగి వెనక్కి. ఒకే నెలలో ఆరోసారి అలా అయ్యాక నాకు పిచ్చెక్కింది. మూడు రోజులు కూర్చుని లైబ్రరీని మా దాంట్లోకి వెల్డింగ్ చేసేశాను. ఒకే ఫైలు. ఎక్కడ పడేసినా నడుస్తుంది. కాయితం కూడా తీసి పారేశాను, విడి ఫైలే లేనప్పుడు దాని కాయితమెందుకని.

సార్ చాలా సంతోషపడ్డారు. “చూశావా, ఇప్పుడు మొత్తం మనదే” అన్నారు. నాకు స్వీటు తెప్పించారు. ఆ స్వీటు నేను తిన్నాను, బాగుంది.

ఆ కొత్త వెర్షన్ పట్టుకుని మందిర్ హసౌద్ అవతలి ఇనుము ఫ్యాక్టరీకి వెళ్లాను. అక్కడి కాంటా బాబు అప్పల్నాయుడు మావయ్య. చుట్టం కాదు. మా రైల్వే కాలనీ వెనక గదిలో అద్దెకుండేవాడు ఒకప్పుడు, శ్రీరామనవమి పందిట్లో మైకుసెట్టు ఆయనదే. యాంప్లిఫయర్ ఒళ్లో పెట్టుకుని సోల్డరింగ్ చేస్తుంటే నేను పక్కన కూర్చుని చూసేదాన్ని. వైరంటే నాకు భయం పోయింది ఆయన దగ్గరే. ఇంటర్ వరకే చదివాడు, కానీ ఏ డబ్బానైనా మూత విప్పి చూడకుండా ఉండలేడు.

పాతది తీసి కొత్తది పెట్టాను. ఆయన వెనక నుంచుని చూస్తున్నాడు.

“హేమమ్మా, ఫోల్డర్‌లో చిన్న ఫైలుండేది. దాన్నేటి చేసినావు?”

“అదింక అక్కర్లేదు మావయ్యా. లోపలే కలిపేశాను.”

“కలిపేస్తే మళ్లీ మార్చుకోడానికెలాగ?”

“మార్చుకోడం మీ పని కాదు కదా.”

“అందులో కాయితం కూడా ఉండేది. మార్చుకోవచ్చని రాసుంది.”

“అది కూడా తీసేశాను. మీకెందుకు మావయ్యా ఇవన్నీ, బటన్ నొక్కండి, పర్చీ వస్తుంది. బస్.”

ఆయన నవ్వాడు. “సరేనమ్మా” అన్నాడు. టీ తాగి వెళ్లమన్నాడు. నాకు తొందరగా ఉందని, ఫోన్ చూసుకుంటూ వచ్చేశాను.

మూడు ఫోన్లు

పది రోజుల తర్వాత మొదటి ఫోను. “తెర మీద అంకె ఎనకబడతందమ్మా. డబ్బా మీద బండి బరువు ఆగిపోయినా, తెర మీద ఇంకా ఎక్కుతానే ఉంటంది. పొద్దున్న ఒక సెకను తేడా, మద్దేన్నానికి పది సెకన్లు.”

కేబుల్ చూడండి అన్నాను. దుమ్ము పట్టుంటుంది అన్నాను.

రెండో ఫోను. కేబుల్ మార్చాడంట, అయినా అలాగే ఉందంట. కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టండి అన్నాను. పెడితే బాగవుతుంది, గంటకి మళ్లీ మొదలు, అన్నాడు. అయితే గంటకోసారి ఆపి పెట్టండి అన్నాను. ఇప్పుడు రాస్తుంటే నా మొహం మండుతోంది.

మూడోసారి ఫోన్ చేసినప్పుడు నేను తెలీబంధా చెరువు దగ్గర ఫ్రెండ్స్‌తో మోమోలు తింటున్నా. “అమ్మా, ఎనక ఇరవై లారీలు ఆగున్నాయి, హారన్లు కొడతన్నారు. తెర మీద అంకె సరిగ్గా వచ్చేదాకా ఆగమంటే డ్రైవర్లు తిడతన్నారు. ఆగకుండా నొక్కితే తప్పు బరువు పడతంది. ఆ చిన్న ఫైలు నాకిచ్చేయమ్మా, నాను చూసుకుంటాను.”

“మావయ్యా, ప్రతిదానికీ ఆ ఫైలు ఫైలు అంటారేంటి. సోమవారం వస్తా.”

సోమవారం వెళ్లలేదు. ఆ తర్వాత సోమవారమూ వెళ్లలేదు. ఆయన మళ్లీ ఫోన్ చెయ్యలేదు.

మూడు వారాలకి అమ్మ చెప్పింది, కూర తాలింపు పెడుతూ, మామూలుగా. “నాయుడిని పనిలోంచి తీసేసినారంట. పర్చీల మీద పెన్నుతో అంకెలు దిద్దుతన్నాడంట. లారీవాళ్లతో కలిసిపోయాడన్నారంట. ఆయనలాంటోడా ఆ మాట పడాల్సింది.”

ఏం జరిగిందో నాకు అక్కడే, వంటింటి గుమ్మంలోనే అర్థమైంది. లారీలు ఆగలేవు. తెర వెనకబడి ఉంది. బటన్ నొక్కితే తప్పు బరువు ప్రింటవుతుంది. ఆయన ఎర్రంకెల డబ్బా చూసి, అసలు బరువు పెన్నుతో పర్చీ మీద రాశాడు. కాంటాలో పెన్నుతో దిద్దిన పర్చీ అంటే దొంగతనమే, ఇంకో మాట లేదు. ఒకే ఒక్క నిజమైన అంకె రాసినాయన్ని ఆ అంకె రాసినందుకే గేటు బయట నిలబెట్టారు.

బ్యాకప్‌లో దొరికింది

మర్నాడు ఆఫీసులో ఆ కాంటా పాత ఫోల్డర్ బ్యాకప్, కొత్తది పెట్టిన రోజు నేను తెచ్చుకున్నది, తెరిచాను. ఎందుకో చిన్న ఫైలు తారీకు చూశాను. మేమిచ్చిన ఫైలు కాదది. సైజు వేరు, వెర్షన్ వేరు, మాదాని కన్నా కొత్తది.

లైబ్రరీ సైటుకెళ్లి ఆ వెర్షన్‌లో ఏం మారిందో చదివాను. ఒక వాక్యం. పరికరం వేగంగా అంకెలు పంపితే పాత అంకెలు పోగుపడి ఆలస్యంగా వస్తున్నాయి, సరిచేశాం అని. అంతకు ఏడాది ముందు ఆ ఫ్యాక్టరీలో ఎర్రంకెల డబ్బా కొత్తది పెట్టారు, అది అంకెల్ని గబగబా పంపే రకం. అంకె వెనకబడుతోందని అప్పుడే ఆయన నాకొకసారి చెప్పాడు, నేను “చూస్తా” అని మర్చిపోయాను. అంతే, ఆయన కాయితం తెరిచాడు. డిక్షనరీ పెట్టుకుని చదివాడు. మార్చుకోవచ్చని రాసుంది, సైటు పేరు కూడా ఉంది. ఫోన్‌లో దించుకుని, కేబుల్‌తో కంప్యూటర్‌లోకి వేసి, పాత ఫైలు తీసి కొత్తది పెట్టాడు. ఏడాది పాటు ఆ కాంటా సరిగ్గా తూచింది. మా వల్ల కాదు, ఆయన వల్ల.

తర్వాత నేను వెళ్లి, పాత లైబ్రరీని లోపల వెల్డింగ్ చేసిన ఫైలు పెట్టి, ఆయన బాగుచేసుకున్నది తుడిచేసి, కాయితం కూడా తీసిపారేసి, మార్చుకోడం మీ పని కాదని చెప్పి వచ్చాను.

దీపక్ నా వెనకే నిలబడి తెర చూస్తున్నాడు. వాడు నన్ను వకీల్ సాబ్ అని వెక్కిరించొచ్చు, అవకాశం అది. కానీ వెళ్లి రెండు చాయ్‌లు తెచ్చాడు.

సార్‌తో గొడవ

ఇక్కడ నన్ను నేను మంచిదాన్నిగా చూపించుకోగలను. చూపించుకోను.

సార్ దగ్గరికెళ్లి మొత్తం చెప్పాను. తప్పు మనదని ఫ్యాక్టరీకి రాసిద్దాం అన్నాను.

“రాసిస్తే మిగతా కాంటాలవాళ్లందరూ పాత పర్చీలు తెరుస్తారమ్మాయ్. కొత్త లైబ్రరీ పెట్టి చప్పుడు చెయ్యకుండా అందరికీ పంపించు.”

“ఓనరెవరో తెలీకూడదన్నారు కదా సార్. మొదటి రోజు కాంటా ఎక్కించి మరీ చెప్పారు.”

“అది కాంటా. ఇది కంపెనీ.”

నాకు ఒళ్లు తెలీలేదు. లైసెన్స్ కాయితం ప్రింటు తీసి ఆయన టేబుల్ మీద కొట్టాను. మనం దీన్ని ఉల్లంఘించాం, ఎవడైనా కేసు వేస్తే ఏం చేస్తారు అన్నాను. ఆయన ఎవడేస్తాడన్నారు. నేను వేస్తా అన్నాను. ఇలా మూడు వారాలు. రోజూ కొత్త పేరా, కొత్త అరుపు. ఫోన్‌లో ఎల్‌జీపీఎల్ గురించి ఎంత చదివానో, ఇప్పుడు కళ్లు మూసుకుని చెప్పగలను. చివరికి సార్ అలిసిపోయారు. సరే, విడి ఫైలుగా పెట్టు, కాయితం పెట్టు, ప్రోగ్రామ్‌లో వాళ్ల పేరు కూడా పెట్టు, నన్నొదిలెయ్ అన్నారు.

గెలిచాను. గెలిచానని ఇంటికెళ్లి అమ్మకి చెప్పాను.

అమ్మ అడిగింది, “మరి నాయుడి సంగతేటి?”

చూశారా. మూడు వారాలు నేను లైసెన్స్ కోసం పోట్లాడాను. ఆయన కోసం ఒక్క గంట కూడా పోట్లాడలేదు. ఫ్యాక్టరీకెళ్లి, తప్పు నాది, నాయుడు రాసిన అంకెలే సరైనవి అని చెప్పడానికి సార్ సంతకం అక్కర్లేదు, నా నోరు చాలు. కోపంలో ఉన్నప్పుడు గెలవడం ముఖ్యమైపోతుంది నాకు, ఎవరి కోసమో గుర్తుండదు.

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. కాంటా గదిలో కొత్తాయన ఉన్నాడు. మేనేజర్ నేను రాసుకెళ్లిన ఉత్తరం చదివి, “మేడమ్, ఇదే ఉత్తరం నెల ముందొచ్చుంటే” అని సొరుగులో పెట్టుకున్నాడు. మళ్లీ పిలుస్తారా ఆయన్ని అంటే, ఆ సీటులో మనిషున్నాడు కదా అన్నాడు. సొరుగు తాళం కూడా వెయ్యలేదు, అంత విలువ దానికి.

ఉత్తరం సంగతి సార్‌కి తెలిసింది. ఆ శనివారం రాజీనామా మొహాన కొట్టి వచ్చేశాను. అంతకు ముందు మూడుసార్లు అలాగే కొట్టాను, మూడుసార్లూ సోమవారం మామూలుగా వెళ్లి కూర్చుంటే సార్ “ఏమ్మా, చాయ్ తాగావా” అనేవారు. ఈసారి నేను వెళ్లలేదు, ఆయన పిలవలేదు. ఇద్దరం అలాగే ఉండిపోయాం. ఆ తర్వాత ఏడాది ఆయన కంపెనీని వేరే ఊరివాళ్లకి అప్పజెప్పేసి విజయవాడ వెళ్లిపోయారు.

ఎదురు మేడ

ఇప్పుడు పండరీలోనే మా పెద్దమ్మ కొడుకు బట్టల కొట్లో కూర్చుంటున్నా. చీరల ఫొటోలు తీసి ఫోన్‌లో కస్టమర్లకి పెట్టడం నా పని. కూర్చున్న చోటు నుంచి మా పాత మెట్లు కనపడతాయి. పైన గదిలో ఇప్పుడు లెహంగాల గోడౌన్. గంజి వాసన మాత్రం అదే. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు ఒక్కోసారి ఎక్కడో బిల్లు ప్రింటర్ కిర్రుమంటుంది, నా చెయ్యి దానంతటదే మౌస్ కోసం వెతుకుతుంది. ఆ గదిలో కూర్చుని తెర మీద ఒక అంకె సరిగ్గా ఆగడం చూస్తే వచ్చే తృప్తి నాకు ఇంకెక్కడా దొరకలేదు. దీపక్ హైదరాబాద్‌లో ఉన్నాడు, అప్పుడప్పుడు “వకీల్ సాబ్” అని నాకే మెసేజ్ పెడతాడు.

నాయుడు మావయ్య తెలీబంధాలో ఉన్నాడని నాన్న చెప్తే వెళ్లాను. మైకుసెట్లు అద్దెకిచ్చే కొట్టు. లోపల స్టూలు మీద కూర్చుని, ఒళ్లో యాంప్లిఫయర్, చేతిలో సోల్డరింగ్ కడ్డీ. నా చిన్నప్పటిలాగే. మధ్యలో ఏమీ జరగనట్టే.

ఏం చెప్పాలో దారి పొడవునా అనుకుంటూ వెళ్లాను. గుమ్మంలో నిలబడేసరికి అన్నీ పోయాయి.

“రా హేమమ్మా. టీ తాగుతావా? ఆ రోజు తాగకుండా ఎల్లిపోయినావు.”

“తప్పు నాది మావయ్యా.”

“తెలుసమ్మా.”

అంత మామూలుగా అన్నాడు. పర్లేదమ్మా అంటాడేమో అనుకున్నాను. అనలేదు. అనకపోవడమే సరైనది. వైరు మీద సీసం చుక్క పెట్టి, ఊదాడు.

“ఆ చిన్న ఫైలు మళ్లీ బయటెట్టినావా?”

“పెట్టాను. కాయితం కూడా పెట్టాను. అన్ని కాంటాల్లోనూ.”

“మంచి పని.” యాంప్లిఫయర్ తిరగేశాడు. “అయితే ఇప్పుడక్కడ దాన్నెవరు మారుస్తారమ్మా?”

ఎవరూ మార్చరు. కొత్త కాంటా బాబు బటన్ నొక్కుతాడు, పర్చీ వస్తుంది, బస్. నేను కోరుకున్నట్టే.

పండగలకి మెసేజ్ పెడితే ఆయన దగ్గర్నుంచి ఒక బొటనవేలి బొమ్మ వస్తుంది. ఫోన్ చెయ్యడు. నా పదకొండేళ్లలో నా ప్రోగ్రామ్‌లో తప్పుని నా కన్నా బాగా చెప్పిన మనిషి ఆయనొక్కడే. ఏ సెకనుకి మొదలవుతుంది, ఎన్ని గంటలకి ముదురుతుంది, ఏం చేస్తే తగ్గుతుంది. మూడుసార్లు చెప్పాడు. ఫోన్ రోజంతా నా చేతిలోనే ఉంటుంది. ఏదైనా కాంటాలో అంకె వెనకబడుతోందని ఆయన ఇంకోసారి ఫోన్ చేస్తే, తినే ప్లేటు అక్కడే పారేసి పరిగెత్తుతా. ఆయన చెయ్యడు, నాకు తెలుసు. అయినా స్క్రీన్ వెలిగిన ప్రతిసారీ ముందు ఆ పేరు కోసమే చూస్తాను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లకి నేను చెప్పేది ఇంతే. లైబ్రరీ ఎవరిదో చూడండి, కాయితం తెరవండి, విడిగా ఉంచగలిగింది విడిగా ఉంచండి. అవతల ఫోల్డర్ తెరిచి చూసే మనిషి ఒక్కడే ఉండొచ్చు. ఆ ఒక్కడి కోసమే ఆ కాయితం రాశారు.

లైసెన్సంటే వకీళ్ల గొడవ, ఎవడూ చదవడు, కలిపేస్తే ఏం పోతుంది అని మీరింకా అంటారా? అయితే పండరీకి రండి, నా స్కూటర్ మీద తెలీబంధా తీసుకెళ్తా. స్టూలు మీద కూర్చున్న ఆ మనిషి కళ్లలోకి చూసి అదే మాట అనగలరా?